నడక ఒక్కటే చాలదా? నలభై దాటాక కండబలం ఎందుకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ వయసు 46, రోజూ ముప్పావుగంట నడుస్తారు, బరువు అదుపులోనే ఉంది, రక్తపరీక్షలో చక్కెర మాత్రం హద్దుకు కాస్త పైన కనిపించింది. డాక్టరుగారు బరువులతో వ్యాయామం మొదలుపెట్టమన్నారు గాని, కండలు పెంచడం కుర్రకారు సరదా తప్ప దానితో ఆరోగ్యానికి ఏం పని అన్నది మీ సందేహం. 71 ఏళ్ల మీ అమ్మగారికి ఎముకలు గుల్లబారాయని తేలింది కాబట్టి ఆవిడ కూడా ఇలాంటివి చేయవచ్చా అని అడిగారు. ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా పెద్దవయసు వారితోనే పనిచేస్తూ వచ్చాను కనుక, ఆ అనుభవంలో చూసినదాన్నీ, ఈ విషయం మీద గట్టిగా నిలిచిన పరిశోధనలు చెప్పేదాన్నీ కలిపి సమాధానం రాస్తున్నాను.

ముందుగా నడక సంగతి. గుండెకు, ఊపిరితిత్తులకు, నిద్రకు, మనసుకు నడక చేసే మేలు చిన్నది కాదు కాబట్టి దాన్ని మానే ప్రసక్తే లేదు. అయితే కండరం తనకు అలవాటైన భారాన్ని మించినది మోయవలసి వచ్చినప్పుడే బలపడుతుంది, చదునైన దారిలో నడిచేటప్పుడు తొడ కండరం తన సత్తువలో కొద్ది భాగాన్నే వాడుకుంటుంది. మన కండరాల్లో స్థూలంగా రెండు రకాల తంతువులు ఉంటాయి. నిదానంగా బిగుసుకుంటూ చాలాసేపు అలసిపోకుండా పనిచేసేవి ఒక రకం, చప్పున బిగుసుకొని పెద్ద బలాన్ని పుట్టించి తొందరగా అలసిపోయేవి రెండో రకం. నడకకు మొదటి రకం సరిపోతుంది కాబట్టి శరీరం రెండో రకం జోలికి పెద్దగా పోదు, వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా సన్నబడిపోయేవి సరిగ్గా ఈ రెండో రకం తంతువులే. వెన్నుపాము నుంచి వాటిని నడిపించే నాడీకణాలు కూడా కొన్ని నశిస్తాయి. దిక్కులేకుండా పోయిన తంతువుల్లో కొన్నింటిని పక్కనున్న నాడులు తమ కిందికి తెచ్చుకుంటాయి గాని, మిగిలినవి అక్కడికక్కడే క్షీణిస్తాయి. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా నడిచిన మనిషి కూడా కాలికి ఏదో అడ్డుపడినప్పుడు రెండో కాలు రెప్పపాటులో ముందుకు వేసి నిలదొక్కుకోలేక పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ క్షణంలో కావలసింది ఓపిక కాదు, వేగంగా పుట్టే బలం. వయసుతో కండ పరిమాణం తగ్గే వేగం కంటే దాని బలం తగ్గే వేగం ఎక్కువ, బలం కంటే కూడా ఈ చురుకు ముందుగా సన్నగిల్లుతుంది.

నా దగ్గరికి వచ్చినవారిని నేను మొదట బరువెంత అని అడగను. మామూలు ఎత్తున్న, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని లేవమంటాను. బలం ఉన్నవారు ఏ సన్నాహమూ లేకుండా లేచి నిలబడతారు. బలం తగ్గినవారి తీరు వేరుగా ఉంటుంది: ముందు కుర్చీ అంచుదాకా జరుగుతారు, పాదాలను వెనక్కి లాక్కుంటారు, నడుమును ఒకటి రెండుసార్లు ముందుకు ఊపి ఆ ఊపుతో లేవబోతారు, లేచే మధ్యలో మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి వాలిపోతాయి, ఛాతీ మీద ఉండవలసిన చేతులు వారికే తెలియకుండా తొడల మీదికి దిగుతాయి. కూర్చునేటప్పుడు నేను మరింత జాగ్రత్తగా చూస్తాను, ఎందుకంటే చాలామంది ముప్పాతిక దూరం వరకు నెమ్మదిగా దిగి, ఆఖరి జానెడు దూరంలో పట్టు వదిలేసి కుర్చీలో కూలబడతారు. ఆ చప్పుడు విన్న తరువాత తొడ, పిరుదు కండరాల స్థితి గురించి నాకు వేరే చెప్పనక్కర్లేదు. కొలతే కావాలంటే, ఇలా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పెద్దవారిలో సత్తువ తగ్గినట్లు అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించింది, ఐరోపా బృందం 2018లో పెట్టిన హద్దు 15 సెకన్లు. పిడికిలి పట్టును కొలిచే పరికరం మీద ఆసియా బృందం పెట్టిన కనీస హద్దు పురుషులకు 28 కిలోలు, స్త్రీలకు 18 కిలోలు. మీ అమ్మగారితో పాటు మీరు కూడా ఇంట్లోనే ఆ కుర్చీ పరీక్ష చేసి చూసుకోండి, అయితే ఆవిడ లేచేటప్పుడు మీరు పక్కనే నిలబడండి, కుర్చీని గోడకు ఆనించి పెట్టండి.

వయసుతో కండ తరగడం వార్ధక్యంలో సహజమే కదా అని వైద్యరంగం కూడా చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. దానికి 'సార్కోపీనియా' అనే పేరును అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ ప్రతిపాదించింది 1989లో, అమెరికాలో రోగనిర్ధారణ జాబితాలో దానికి సొంత కోడ్ దక్కింది 2016లో. ముప్పై దాటిన తరువాత పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుందనీ, అరవై తరువాత అది ఇంకా వేగవంతమవుతుందనీ చాలాచోట్ల చదువుతాం. ఈ అంకె తప్పు కాదు గాని, దాన్ని చదివినవారు నున్నటి ఏటవాలు దారిలో మెల్లగా దిగుతున్నట్లు ఊహించుకుంటారు. నేను చూసినంతలో అది మెట్లు దిగడంలా ఉంటుంది. మనిషి ఏళ్ల తరబడి ఒకే మెట్టు మీద నిలకడగా ఉంటాడు, ఒక న్యుమోనియా, ఒక శస్త్రచికిత్స, తుంటి ఎముక విరగడం లాంటిది ఎదురుకాగానే కొద్దిరోజుల్లో ఒక మెట్టు కిందికి దిగిపోతాడు. వయసులో ఉన్నవారు కోలుకొని మళ్లీ పైమెట్టు ఎక్కుతారు, పెద్దవారిలో చాలామంది సగం దాకానే ఎక్కగలుగుతారు.

దీనికి ఆధారాలు ఉన్నాయి. 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో సగటున 67 ఏళ్ల వయసున్న 12 మంది ఆరోగ్యవంతులను కేవలం 10 రోజులు మంచం మీద ఉంచారు. ఏ జబ్బూ లేదు, తిండి తగినంత పెట్టారు, అయినా ఒక్క కాళ్ల నుంచే సుమారు ఒక కిలో కండ తరిగింది. నిజంగా జబ్బు పడి ఐసీయూలో చేరినవారి పరిస్థితి ఇంతకంటే తీవ్రం, 2013లో వెలువడిన అధ్యయనంలో పదో రోజుకే తొడ ముందుభాగపు కండరం అడ్డుకోత వైశాల్యం, అంటే అడ్డంగా కోసి చూస్తే కనిపించే పరిమాణం, 17 శాతానికి పైగా తగ్గింది. కదలకపోవడం ఒక్కటే కారణం కాదు. శరీరం కొవ్వును కొవ్వుగా దాచుకుంటుంది, చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ప్రోటీన్‌కు మాత్రం అలాంటి ప్రత్యేకమైన కొట్టు ఏదీ లేదు, కండరమే దాని నిల్వ. జ్వరం వచ్చినప్పుడు రోగనిరోధక కణాలు పెరగడానికీ, గాయం మానడానికీ, కాలేయం కొత్త ప్రోటీన్లు తయారుచేయడానికీ కావలసిన అమైనో ఆమ్లాలను శరీరం కండను కరిగించి తెచ్చుకుంటుంది. కాబట్టి జబ్బు పడేనాటికి ఒంట్లో కండ ఎంత ఉంది, ఎంత సత్తువతో ఉంది అన్నదాన్ని బట్టే, డిశ్చార్జి అయిన మనిషి తన పని తాను చేసుకోగలడా, ఇంకొకరి చేయి పట్టుకోవాలా అన్నది చాలావరకు తేలుతుంది. మీ డాక్టరు సలహా వెనుక నాకు కనిపించే అసలు కారణం ఇదే: 46 ఏళ్ల వయసులో మీరు కూడబెట్టే బలం ఇప్పటి అవసరం కోసం కాదు, ముప్పై ఏళ్ల తరువాత వచ్చే ఒక జబ్బు నుంచి తేరుకోవడం కోసం.

మీ చక్కెర విషయానికి వస్తే, ఈ ఫలితం కోసం ముప్పై ఏళ్లు ఆగవలసిన పని లేదు. ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి లోపలికి వెళ్లే గ్లూకోజ్‌లో సుమారు 70 నుంచి 80 శాతం చేరేది అస్థికండరాల్లోకే. అంటే భోజనం తరువాత పెరిగిన చక్కెరను దింపుకొనే ప్రధాన స్థలం కండరమే, అది తక్కువగా ఉన్నా, ఉన్నది ఇన్సులిన్ మాట వినకపోయినా, ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం అదనంగా శ్రమించక తప్పదు. ఇక్కడ మనకు కలిసివచ్చే విషయం ఒకటుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే, తన సంకోచం పుట్టించే వేరే సంకేతంతో, గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే వాహకాలను కణం అంచుకు చేర్చుకుంటుంది. ఇన్సులిన్ మొండికేసినా ఈ రెండో దారి తెరిచే ఉంటుంది. పైగా గట్టి వ్యాయామం తరువాత ఒకటి రెండు రోజుల పాటు ఆ కండరం ఇన్సులిన్‌కు మామూలు కంటే బాగా స్పందిస్తుంది, కాబట్టి వారానికోసారి విపరీతంగా శ్రమించడం కంటే రెండు మూడు రోజులకోసారి మితంగా చేయడం మీకు ఎక్కువ మేలు.

ఇక్కడే ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. కండ పెంచితే ఊరకే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని జిమ్‌లలో చాలా ఉదారంగా చెబుతుంటారు. విశ్రాంతిగా ఉన్న కండరం కిలోకు రోజుకు సుమారు 13 కేలరీలు మాత్రమే ఖర్చుచేస్తుంది. రెండు కిలోల కండ పెంచడమే ఏడాది శ్రమ, దానివల్ల అదనంగా పోయేది రోజుకు పాతిక కేలరీలు. బరువు తగ్గడం కోసం కండ పెంచుకోవాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, బరువు తగ్గేటప్పుడు కండను కాపాడుకోవాలని అంటే పూర్తిగా ఒప్పుకుంటాను. కేవలం తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో, తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాని భాగమే ఉంటుంది. ఆకలిని తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వాడేవారిలోనూ ఈ సమస్య ఉంది కాబట్టి, వారు బరువులతో వ్యాయామాన్ని మందులో భాగంగానే చూడాలి.

కండ ఎంత ఉందన్నది ముఖ్యమా, అది ఎంత బలంగా ఉందన్నది ముఖ్యమా అన్న ప్రశ్నకు జవాబు దాదాపు తేలిపోయింది. 2015లో 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది మీద వెలువడిన 'ప్యూర్' అధ్యయనంలో పిడికిలి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది, ఈ విషయంలో పట్టు సిస్టాలిక్ రక్తపోటు (బీపీలో పై అంకె) కంటే మెరుగైన సూచికగా తేలింది. 2006లో డెబ్బైలలో ఉన్నవారి మీద వెలువడిన మరో అధ్యయనంలో మరణంతో స్పష్టమైన సంబంధం కనిపించింది బలానికే గాని కండ పరిమాణానికి కాదు. ఇది చదివి పిడికిలితో నొక్కే స్ప్రింగు కొనుక్కుంటే ఆయుష్షు పెరగదు. పట్టు ఒంటి మొత్తం స్థితిని చూపించే ఒక గుర్తు మాత్రమే, పైగా జబ్బులున్నవారికి పట్టు తగ్గడం కూడా ఈ లెక్కలో కలిసి ఉంటుంది. అదే జాగ్రత్తతో మరో ఫలితాన్ని చూడండి: 2022లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, కండరాలను బలపరిచే వ్యాయామం చేసేవారిలో మరణ ముప్పు, గుండెజబ్బులు, క్యాన్సర్, మధుమేహం 10 నుంచి 17 శాతం తక్కువగా కనిపించాయి, మరణ ముప్పు విషయంలో అత్యధిక ప్రయోజనం వారానికి 30 నుంచి 60 నిమిషాల దగ్గరే ఉంది. వ్యాయామం చేసేవారు మిగతా విషయాల్లోనూ శ్రద్ధగా ఉంటారు కాబట్టి ఆ శాతాలన్నీ వ్యాయామం పుణ్యమే అనలేం, అయినా ఎంతసేపు చేస్తే చాలు అన్న ప్రశ్నకు ఇంత తక్కువ సమయం జవాబుగా రావడం మీలాంటి తీరికలేని వారికి మంచి కబురు.

అందుకే నేను మీకు వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట చాలంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనలు కూడా పెద్ద కండరాలన్నింటికీ పనిచెప్పే వ్యాయామం వారంలో కనీసం రెండు రోజులు చేయమనే చెబుతున్నాయి. కూర్చొని లేవడం, నేల మీది బరువును నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి ఎత్తడం, ముందుకు నెట్టడం, తన వైపు లాక్కోవడం, బరువు మోస్తూ నడవడం అనే ఐదు కదలికల్లో ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నీ వచ్చేస్తాయి. డంబెల్ అయినా, రబ్బరు పట్టీ అయినా, సొంత ఒంటి బరువు అయినా ఫరవాలేదు, అసలు విషయం ఏమిటంటే ఒక్కో విడత ముగిసేసరికి ఇంకో రెండు మూడుసార్లు మాత్రమే చేయగలననిపించేంత కష్టంగా ఉండాలి, అది సులువైపోయిన రోజు బరువో సంఖ్యో పెంచాలి. ఆరు నెలలుగా అవే రెండు కిలోల డంబెళ్లు అదే సంఖ్యలో ఎత్తుతూ ఏమీ మారలేదని చెప్పేవారిని చాలామందిని చూశాను, మారకపోవడంలో వింత లేదు. ఎత్తేటప్పుడు చురుగ్గా లేపండి, దించేటప్పుడు రెండు మూడు సెకన్లు తీసుకోండి, ఊపిరి మాత్రం బిగబట్టవద్దు. తొలి కొన్ని వారాల్లో బలం పెరిగినా అద్దంలో తేడా కనిపించదు, ఎందుకంటే మొదట నేర్చుకునేవి నాడులు, కండ పెరగడం ఆ తరువాతి సంగతి.

తిండిలో ప్రోటీన్ గురించి అవసరానికి మించి భయాలూ, ఆశలూ ఉన్నాయి. పెద్దలందరికీ చెప్పే కనీస మోతాదు ఒంటి బరువులో కిలోకు 0.8 గ్రాములు, 65 దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు మేలని నిపుణులు అంటారు, వ్యాయామం చేసేవారిలో 1.6 గ్రాములు దాటిన తరువాత కండ పెరుగుదలకు అదనపు లాభం దాదాపు కనిపించలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యులను అడగకుండా పెంచకూడదు. డబ్బాల్లో దొరికే పొడి అవసరమా అంటే, భోజనంలో లెక్క సరిపోతే అవసరం లేదు.

అమ్మగారి విషయంలో మీ భయం నాకు అర్థమవుతుంది, ఎముకలు గుల్లబారినవారిని బరువు ముట్టుకోవద్దనే చాలాకాలం చెప్పేవాళ్లు. 2018లో వెలువడిన 'లిఫ్ట్‌మోర్' ప్రయోగం ఆ అభిప్రాయాన్ని గట్టిగా కదిలించింది. ముట్లుడిగి, ఎముక సాంద్రత తగ్గిన స్త్రీలతో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు బాగా బరువైన వ్యాయామాలే చేయించారు, వారి నడుము వెన్నుపూసల సాంద్రత సుమారు 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి కసరత్తు చేసినవారిలో 1.2 శాతం తగ్గింది. అయితే వాళ్లకు శిక్షణ ఇచ్చినవారు ప్రతి కదలికనూ పక్కనుండి చూశారు, బరువు నెమ్మదిగా పెంచారు, ఆ భాగాన్ని వదిలేసి ఫలితాన్ని మాత్రమే చూడకూడదు. ఆవిడ వయసు మించిపోయిందా అన్న సందేహం అక్కర్లేదు. 1990లో సగటున 90 ఏళ్ల వయసున్న వృద్ధాశ్రమవాసుల చేత 8 వారాలు తొడ కండరాలకు గట్టి వ్యాయామం చేయిస్తే వారి బలం సగటున 174 శాతం పెరిగింది. ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి మరణిస్తున్నారు, తుంటి విరిగిన వృద్ధుల్లో ఐదుగురిలో ఒకరైనా ఏడాదిలోపే పోతున్నారు, కాబట్టి ఎముక గట్టిపడటం ఎంత అవసరమో, అసలు పడకుండా నిలదొక్కుకోవడం అంతకంటే ఎక్కువ అవసరం.

ఆవిడకు ఇంతకుముందు వెన్నుపూస ఎప్పుడైనా నలిగిందేమో ఎక్స్‌రే తీయించి తెలుసుకోండి, చెప్పకుండా నలిగే వెన్నుపూసలు చాలానే ఉంటాయి. నడుమును ముందుకు గుండ్రంగా వంచడం, వంగి మెలితిరగడం రెండూ వద్దు. కుర్చీలోంచి లేవడం, వంటగట్టు లాంటి గట్టి ఆధారం పట్టుకొని మడమలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం, ఒంటికాలి మీద కొద్దిసేపు నిలబడటం, వీటితో మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టు చూస్తుండగా బరువు వైపు నడిపించండి. వ్యాయామం చేసిన మర్నాడు కండరం సలుపు సహజమే, కీలులో పదునైన నొప్పి వచ్చినా, రెండు రోజులు దాటినా తగ్గకపోయినా మోతాదు ఎక్కువైందని అర్థం. ఛాతీ నొప్పి, అదుపులో లేని రక్తపోటు, కంటి లోపలి పొరలో రక్తస్రావం ఉంటే వైద్యుల అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు.

రక్తపరీక్షల గురించి ఒక మాట, దీన్ని ముందే చెప్పేవారు తక్కువ. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ పుట్టేది కండరంలోనే కాబట్టి, కండ బాగా తరిగిన పెద్దవారిలో మూత్రపిండాలు కాస్త దెబ్బతిన్నా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు, అనుమానం ఉంటే, కండ మీద పెద్దగా ఆధారపడకుండా మూత్రపిండాల స్థితిని చూపే 'సిస్టాటిన్ సి' పరీక్ష గురించి డాక్టరును అడగండి. మీ విషయంలో ఇది తలకిందులు: బరువులు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు, గట్టిగా వ్యాయామం చేసిన మర్నాడు రక్తం ఇస్తే కండర ఎంజైము సీకేతో పాటు, కాలేయ పరీక్షల్లో చూసే ఏఎస్‌టీ కూడా పెరిగి కనిపించి, లేని కాలేయ జబ్బును వెతికే పరిస్థితి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారిలో సీకే మామూలు స్థాయికి రావడానికి వారం కూడా పట్టవచ్చు కాబట్టి, ఆ వారం గట్టి బరువులు ఆపి ఆ తరువాతే పరీక్షకు వెళ్లండి, ఈమధ్య వ్యాయామం మొదలుపెట్టినట్లు డాక్టరుకు చెప్పండి.